మూడు ప్లగ్గులూ ఒకే రంగు వచ్చాయా? మారుతి 800 కార్బ్యురేటర్‌కి కిట్టా, కొత్తదా, రీకండిషనా

పెట్రోల్‌ని గాలిలో కలిపి ఇంజన్‌కి అందించేది కార్బ్యురేటర్. దాన్ని బాగు చేయించాక మనవాళ్ళు చేసే పరీక్ష ఒక్కటే. తాళం తిప్పుతారు, స్లో స్పీడ్‌లో, అంటే పెడల్ తొక్కకుండా, ఇంజన్ ఆగకుండా నిలబడితే ‘సెట్ అయిపోయింది’ అని డబ్బులిచ్చేస్తారు. మూడు సిలిండర్లలో ఒకటి సగం పని మానేసినా, స్లో స్క్రూ ఇంకో అర చుట్టు బిగిస్తే ఇంజన్ నిలబడుతుంది. అంటే అది పరీక్షే కాదు. ఈ రివ్యూలో కొలత వేరు. బండి ఓ యాభై కిలోమీటర్లు తిరిగొచ్చాక మూడు సిలిండర్ల స్పార్క్ ప్లగ్గులూ విప్పి వరసగా పెడితే, మూడింటి మొనా ఒకే లేత గోధుమ రంగులో ఉండాలి. రిపేర్ కిట్‌కి, లోకల్‌గా దొరికే కొత్త కార్బ్యురేటర్‌కి, పాతది ఇచ్చి తెచ్చుకునే రీకండిషన్ సరుకుకి, మూడింటికీ ఇదే కొలత. మార్కులు దాన్నిబట్టే.

ముందు సరుకు గురించి. 1983 డిసెంబర్‌లో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800లోది 796 సీసీ ఎఫ్8బీ ఇంజన్. మూడు సిలిండర్లు, బోరు 68.5 మి.మీ., స్ట్రోకు 72 మి.మీ., ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు వంతుగా పేలే వరస) 1-3-2. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి) వచ్చేదాకా ఈ మూడు సిలిండర్లకీ తిండి పెట్టింది రెండు గొంతుల (గాలి పైనుంచి దిగే దారుల) డౌన్‌డ్రాఫ్ట్ కార్బ్యురేటర్. మామూలు నడకంతా మొదటి గొంతుదే, చోక్ పలక కూడా దానికే. గట్టిగా తొక్కి గాలి వేగం పెరిగినప్పుడు పక్కనున్న డయాఫ్రం డబ్బా వాక్యూమ్‌తో లాగి రెండో గొంతు తెరుస్తుంది. ఇవి కాక ఒక యాక్సిలరేటర్ పంపు, తాళం తీయగానే స్లో జెట్ (స్లో స్పీడ్‌కి పెట్రోల్ వదిలే సన్న కన్నం) దారి మూసేసే సొలినాయిడ్, పెట్రోల్ మట్టం చూసుకోవడానికి ఫ్లోట్ చాంబర్‌కి ఒక చిన్న అద్దం. అంతే.

ఒక్క కార్బ్యురేటర్‌తో మూడు సిలిండర్లకి సమానంగా పంచడం అనుకున్నంత కష్టమేమీ కాదు. క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు, అంటే 720 డిగ్రీల్లో, మూడు పీల్పులు. 240 డిగ్రీలకి ఒకటి. ఒక సిలిండర్ పీల్చడం దాదాపు ముగిశాకే ఇంకోటి మొదలుపెడుతుంది, కాబట్టి ఒకరి వాటా ఒకరు లాక్కునే గొడవ తక్కువ. పాత పెట్రోల్ అంబాసిడర్ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఆ 1489 సీసీ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లకి హెడ్డులో ఇన్‌లెట్ దారులు రెండే: 1, 2 కలిసి ఒక దారి, 3, 4 కలిసి ఇంకో దారి. ఆర్డరేమో 1-3-4-2. అంటే 3 పీల్చగానే అదే దారిలో 4, 2 పీల్చగానే అదే దారిలో 1. ముందు పీల్చినది లేపిన ఊపు వెనకదానికి కలిసొస్తుంది. అక్కడ ఎంత మంచి కార్బ్యురేటర్ పెట్టినా పంపకంలో తేడా పూర్తిగా పోదు. మారుతిది పుట్టుకతోనే నయమైన అమరిక.

డబ్బులు మిగిల్చే సంగతి ఇక్కడే ఉంది. మూడింటికీ వండి వడ్డించేది ఒకే కార్బ్యురేటర్ కాబట్టి, అది చెడితే మూడు ప్లగ్గులూ ఒకేలా చెడాలి. మూడూ నల్లగా ఉంటే కార్బ్యురేటర్ వైపు చూడండి, మూడూ సున్నంలా తెల్లగా ఉన్నా అటే చూడండి. ఒక్కటే తెల్లగా ఉండి మిగతా రెండూ బాగుంటే మాత్రం నూటికి తొంభై పాళ్ళు తప్పు కార్బ్యురేటర్‌ది కాదు. ఆ సిలిండర్ దగ్గర మానిఫోల్డ్ (కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకి పోయే గొట్టం) ప్యాకింగ్ గాలి లాగుతోంది. ఒక్కటే నల్లగా, తడిగా ఉంటే ప్లగ్గు వైరో, వాల్వో, రింగులో. కొత్త కార్బ్యురేటర్ వేసినా మిస్సింగ్ పోలేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్లగ్గు కథే.

మినహాయింపు ఒకటుంది, వైజాగ్‌లో బాగా కనిపించేదే. కార్బ్యురేటర్ నుంచి దిగే పెట్రోల్ అంతా ఆవిరిగా ఉండదు. కొంత మానిఫోల్డ్ అడుగున తడి పొరలా పాకుతుంది. దాన్ని ఆవిరి చేయడానికే మానిఫోల్డ్‌లోంచి ఇంజన్ వేడినీళ్ళు తిప్పుతారు. ‘మన ఎండకి థర్మోస్టాట్ ఎందుకండీ’ అని, వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని ఆ మూతని మెకానిక్ పీకి పారేస్తే నీళ్ళు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, తడి పొర అలాగే పాకి ఏ సిలిండర్‌కి దారి వాలుగా ఉంటే దానికి ఎక్కువ చేరుతుంది. గాలి అందరికీ సమానం, పెట్రోల్ మాత్రం కాదు. ఎంవీపీ నుంచి ఆర్కే బీచ్ దాకా రోజూ నాలుగు కిలోమీటర్లు తిరిగే బండిలో ప్లగ్గుల రంగులు కలవకపోతే, కార్బ్యురేటర్ ముట్టుకునే ముందు థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఏది కొనాలన్నా ముందు అరగంట పరీక్షలు చేయాలి. టాపెట్ (వాల్వు) గ్యాపులు సరిచూశాక కంప్రెషన్, అంటే సిలిండర్లో ఒత్తిడి. మూడింటి మధ్య తేడా చదరపు సెంటీమీటరుకి 1 కేజీ దాటకూడదు. దాటితే ఇంజన్ పని ఉంది, కార్బ్యురేటర్ పాపం ఏం చేస్తుంది? డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు ఉన్న బండయితే వాటి గ్యాపు 0.4 నుంచి 0.5 మి.మీ. తర్వాత స్లో స్పీడ్‌లో ఒక్కో ప్లగ్గు వైరు తీసి, దానికి వేరే ప్లగ్గు తగిలించి బాడీకి ఆనించి, ఆర్‌పీఎం ఎంత పడుతుందో చూడాలి. మూడు సార్లూ ఇంచుమించు ఒకేలా పడాలి. ఏ వైరు తీసినప్పుడు ఇంజన్‌కి తేడా తెలియదో ఆ సిలిండరే బద్ధకిస్తోంది. వైరు గాల్లో వేలాడదీయొద్దు. షాక్ సంగతి అలా ఉంచితే, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండ్లలో మాడ్యూలు పోతుంది.

వాక్యూమ్ గేజి ఉన్న మెకానిక్ దొరికితే వదలకండి. వైజాగ్ సముద్రమట్టం మీదే ఉంది కాబట్టి అంకె సవరించే పని లేదు. వేడెక్కిన ఇంజన్, స్లో స్పీడ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య ముల్లు నిలకడగా ఉండాలి. తక్కువ దగ్గర కదలకుండా నిలబడితే గాలి లాగుతోంది, లేదా టైమింగ్ వెనకబడింది. మెల్లగా పైకీ కిందికీ ఊగితే మిక్చర్ (గాలి, పెట్రోల్ పాళ్ళు) తేడా. లయగా ఒక్కో దెబ్బ పడుతుంటే వాల్వు. ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. అందుకే అదే బండి అరకులో మూడు అంగుళాలు తక్కువ చూపిస్తే కంగారు పడక్కర్లేదు.

గాలి ఎక్కడ లాగుతోందో పట్టడానికి కొందరు వేడి ఇంజన్ మీద పెట్రోలో, కార్బ్యురేటర్ క్లీనరో చల్లుతారు. మానిఫోల్డ్ పక్కన అది నిప్పుతో చెలగాటం. స్ప్రే సీసాలో సబ్బునీళ్ళు చాలు. కార్బ్యురేటర్ కింద ప్యాకింగ్, వేడి ఆపే బేకలైట్ దిమ్మ, మానిఫోల్డ్ మూడు కాళ్ళు, డిస్ట్రిబ్యూటర్‌కి పోయే సన్న పైపు, ఒక్కోచోట చల్లి ఆగండి. ఇంజన్ శబ్దం మారిన చోటే కన్నం.

ఇక కిట్. ‘కార్బ్యురేటర్ కిట్’ అని అడిగితే కౌంటర్ మీద రెండు రకాలు పడతాయి. ప్యాకింగులు మాత్రమే ఉన్న చిన్న కవరు ఒకటి, పంపు డయాఫ్రం, నీడిల్-సీట్ (ఫ్లోట్ చాంబర్‌లోకి పెట్రోల్ ఆపే సూది), ఓ-రింగులు కూడా ఉన్నది ఇంకోటి. మొదటిది దండగ. రెండోది తీసుకున్నా, రెండో గొంతు తెరిచే డయాఫ్రం చాలా కిట్లలో ఉండదు, విడిగా అడగాలి. కొన్న వెంటనే బిగించేయకండి. పై మూత ప్యాకింగ్‌ని, డయాఫ్రాన్ని బంకు పెట్రోల్‌లో ఒక రాత్రి నానబెట్టండి. తెల్లారేసరికి ప్యాకింగ్ సాగి స్క్రూ కన్నాలు కలవకపోతే, డయాఫ్రం అంచు ముడతలు పడితే, ఆ కిట్ ఈ20 (ఇరవై శాతం ఎథనాల్ కలిసిన) పెట్రోల్‌కి పనికిరాదు. తిరిగి ఇచ్చేయడానికి బిల్లు దగ్గర పెట్టుకోండి. కొత్త డయాఫ్రం కాడ పొడవు పాతదానితో పక్కపక్కన పెట్టి కొలవడం కూడా మరవొద్దు. ఒక మి.మీ. పొట్టిదైతే పంపు ఆలస్యంగా కొడుతుంది, తొక్కగానే బండి ఒక క్షణం దిగబడుతుంది.

విప్పేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీయాలి, ప్రతి వాక్యూమ్ పైపుకీ టేపు కట్టి నంబరు వేయాలి. ఫోటో తీశాం కదా అనుకుంటారు గానీ, ఫోటోలో వెనక పైపు కనబడదు. ఉప్పుగాలికి బిగుసుకున్న మూత స్క్రూలు మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తో తల అరిగిపోతాయి. తలకి సరిగ్గా సరిపడే బిట్టు పెట్టి, పైన చిన్న సుత్తితో రెండు దెబ్బలు కొట్టి తిప్పితే వస్తాయి. మొదటి గొంతు మెయిన్ జెట్, రెండో గొంతు మెయిన్ జెట్ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి, నంబర్లు వేరు. రెండు వేరు వేరు మూతల్లో వేసుకోండి. ఇవి తారుమారైతే బండి నడుస్తుంది, మైలేజీ మాత్రం ఎందుకు పోయిందో ఎవరికీ అంతుపట్టదు.

జెట్ గురించి కాస్త ఆగి చెప్పాలి. సోలెక్స్ పద్ధతి జెట్ మీద 100 అని ఉంటే కన్నం 1.00 మి.మీ. అని అర్థం. దాంట్లో గుండుసూది పెట్టి తిప్పడం మన దగ్గర మామూలు. సూది గీతలతో కన్నం 1.05 అయిందనుకోండి, చూపుకి ఏమీ తెలియదు. కానీ వైశాల్యం పదిశాతం పెరుగుతుంది. ఆ పదిశాతం పెట్రోల్ ప్రతి కిలోమీటరుకీ పోతూనే ఉంటుంది. మూడు ప్లగ్గులూ ఒకేలా నల్లబడతాయి. సూది బదులు ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే సన్న తంగూసు దారం వాడండి. ఇత్తడి కంటే మెత్తన, కన్నాన్ని గీయదు. క్లీనర్‌లో నానబెట్టి, తంగూసు దూర్చి, తక్కువ ఒత్తిడి గాలి కొట్టి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే కన్నం నిండు చందమామలా గుండ్రంగా కనబడాలి. అంచు మీద ఆకుపచ్చ మచ్చ ఉంటే ఇంకా పని మిగిలింది. పెట్రోల్‌లో గాలి కలిపే ఎమల్షన్ గొట్టానికున్న చిన్న చిన్న పక్క కన్నాలకీ ఇదే మర్యాద. వాటిలో ఒక్కటి మూసుకున్నా నడి వేగంలో మిక్చర్ చిక్కనవుతుంది.

బాడీ జింకు కలిసిన పోత లోహం. బాత్రూం యాసిడ్‌లో ముంచితే నిమిషాల్లో మెరుస్తుంది, మెరిసినంత మేరా తినేసిందన్నమాట. అల్ట్రాసానిక్ మెషిన్ ఉన్నచోట తేలికపాటి సబ్బునీళ్ళలో 50 డిగ్రీల దగ్గర పావుగంట చాలు. తర్వాత కడిగే నీళ్ళు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది. సముద్రం దగ్గరి బోరునీళ్ళతో కడిగి వదిలేస్తే కన్నాల్లో ఆ ఉప్పే మిగులుతుంది.

కిట్ వల్ల కానిది ఒక్కటుంది: థ్రాటిల్ షాఫ్ట్ (పెడల్ తొక్కితే గొంతు తెరిచే పలక తిరిగే ఇరుసు) అరుగుదల. షాఫ్ట్ కొస పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. చేతికి టక్కుమని తెలిసిందంటే ఆ సందులోంచి ఇంజన్ దొంగగాలి పీలుస్తోంది. స్లో స్పీడ్ ఒకసారి ఎనిమిది వందలు, ఇంకోసారి పన్నెండు వందలు అవుతుంటే కారణం ఇదే. కిట్లు నాలుగు మార్చినా పోదు. గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్ళ దగ్గర కన్నం సాగదీయించి కంచు బుష్ వేయించాలి. అప్పుడు సీతాకోకచిలుక పలక స్క్రూలు తీయక తప్పదు. వాటి కొసలు ఫ్యాక్టరీలోనే నలగ్గొట్టి ఉంటాయి. మళ్ళీ బిగించేటప్పుడు కొత్త స్క్రూలు వేసి, థ్రెడ్‌లాక్ పెట్టి, కొసలు నలగ్గొట్టాల్సిందే. ఊడిన స్క్రూ పడే చోటు సిలిండర్ తప్ప ఇంకోటి లేదు. పలకని గొంతులో సరిగ్గా కూర్చోబెట్టి, పూర్తిగా మూసి, లైటుకి ఎదురుగా చూడండి. చుట్టూ వెంట్రుకంత వెలుగు సమానంగా కనబడాలి.

బేకలైట్ దిమ్మనీ, కార్బ్యురేటర్ అడుగునీ మందపాటి అద్దం మీద పెట్టి చూడాలి. ఏళ్ళ తరబడి నట్లు బిగించీ బిగించీ మూలలు వంగి, మధ్య భాగం పైకి లేచి ఉంటుంది. అద్దం మీద ఎమరీ పేపరు పరిచి ఎనిమిది ఆకారంలో రుద్దితే సమమవుతుంది. నట్లు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. గాలి లాగుతోందని ఇంకా బిగిస్తే ఇంకా వంగుతుంది. ప్యాకింగ్ రెండు వరసలు వేసి షెల్లాక్ పూయడం రోగాన్ని దాచడమే.

కిట్‌కి 10కి 8. షాఫ్ట్ బాగున్న ఒరిజినల్ బాడీ అయితే ఇంతకంటే మంచి బేరం లేదు. పోయిన రెండు మార్కులు ఈ20కి ఆగని రబ్బరుకి.

కొత్త లోకల్ కార్బ్యురేటర్‌కి 10కి 5. పేరు చెప్పి ఎవరినీ తిట్టాల్సిన పని లేదు. ఒకే బాక్సు, ఒకే ముద్ర ఉన్న రెండు పీసులే ఒకదానితో ఒకటి కలవవు. అందుకే షాపులోనే చూసుకోవాలి. కౌంటర్ గాజు మీద నిలబెట్టండి, మూలలు టకటకలాడితే పక్కన పెట్టండి. షాఫ్ట్ కొత్తదే అయినా ఊపి చూడండి. పలకలు మూసి ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూడండి. డయాఫ్రం డబ్బా పైపుకి చిన్న గొట్టం తగిలించి నోటితో పీల్చి, నాలుకతో మూసేయండి. కాడ లోపలికి వెళ్ళి పది సెకన్లయినా అక్కడే ఆగాలి. మెల్లగా జారితే రెండో గొంతు ఎప్పటికీ పూర్తిగా తెరుచుకోదు. ఊళ్ళో తిరిగితే ఇది తెలియదు. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు నలుగురు కూర్చున్న బండి రెండో గేరులో ఏడుస్తుంది, అప్పుడు తెలుస్తుంది. జెట్ల నంబర్లు పాతవాటితో కలుస్తున్నాయో లేదో అడగండి. అసలు నంబరే లేని జెట్ ఉన్నది తీసుకోవద్దు.

కొత్త వాటిలో తరచూ తప్పేది ఫ్లోట్ మట్టం. బిగించి ఇంజన్ ఆడించి అద్దంలో చూస్తే, పెట్రోల్ గీత గుండ్రటి గుర్తు మధ్యకి రావాలి. గీత పైకి ఉంటే మూత విప్పి ఫ్లోట్ నాలుకని కొద్దిగా వంచాలి. కొద్దిగా అంటే కొద్దిగానే. అర మి.మీ. వంచితే మట్టం అంతకంటే ఎక్కువే కదులుతుంది. వంచేటప్పుడు నీడిల్ మీద బరువు పడనివ్వకండి, రబ్బరు మొన మీద గాడి పడుతుంది. కొంతమంది మెకానికల్ పంపు పోయిందని ఎలక్ట్రిక్ పంపు తగిలిస్తారు. అది ఇంజెక్షన్ బండ్ల పంపు అయితే ఏ నీడిలూ ఆ ఒత్తిడికి ఆగదు. ఓవర్‌ఫ్లో అవుతుంది, నింద కొత్త కార్బ్యురేటర్ మీద పడుతుంది. కార్బ్యురేటర్‌కి కావలసింది చదరపు సెంటీమీటరుకి పావు కేజీ లోపు ఒత్తిడే.

రీకండిషన్ సరుకుకి మార్కులు వేయడం కష్టం. 3 కావచ్చు, 7 కావచ్చు. మన పాతది తీసుకుని, ఎవరిదో బాగు చేసినది ఇస్తారు. వెండి రంగు పూసి తళతళలాడుతుంటే ముందే అనుమానించండి. కింద తెల్లటి పొక్కులున్నాయేమో గోటితో గీకండి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: షాఫ్ట్‌కి బుష్ వేశారా? ‘అవసరం లేదండీ, సర్వీసు చేశాం’ అంటే ఆ డబ్బుతో మీ కార్బ్యురేటర్‌కే బుష్ వేయించుకోండి. సొలినాయిడ్‌ని బ్యాటరీకి ఆనిస్తే టిక్కుమనాలి. టిక్కు లేకపోతే స్లో స్పీడ్ ఉండదు. కొందరు దాని లోపలి పిన్ను కోసేసి అమ్ముతారు, స్లో స్పీడ్ బ్రహ్మాండంగా ఉంటుంది, తాళం తీశాక మాత్రం ఇంజన్ ఇంకో నాలుగు సార్లు కొట్టుకుని ఆగుతుంది.

ఏది వేసినా చివరికి ట్యూనింగే. ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా తెరిచి ఉండాలి. ఈ రెండో ముక్క వైజాగ్‌లో ముఖ్యం. ఇక్కడి చలికాలానికి చోక్‌తో పెద్దగా పని పడదు, ఏళ్ళ తరబడి లాగని కేబుల్ తుప్పుపట్టి పలక సగంలో ఆగిపోతుంది. మూడు ప్లగ్గులూ నల్లగా ఉన్న బండ్లలో మొదట చూడాల్సింది అదే. డిసెంబర్‌లో అరకు, లంబసింగి వెళ్ళేవాళ్ళకి పొద్దున్నే అది కావాలి కూడా, కాబట్టి తీసిపారేయకండి, నూనె పెట్టండి. పోర్టు దుమ్ము పడే కాన్వెంట్ జంక్షన్, కంచరపాలెం వైపు బండ్లకి ఎయిర్ ఫిల్టర్ కూడా ముందే మార్చేయాలి. మూసుకున్న ఫిల్టర్‌తో చేసిన ట్యూనింగ్ ఫిల్టర్ మార్చిన రోజే పోతుంది.

మిక్చర్ స్క్రూ మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పి, రెండున్నర చుట్లు బయటికి తీయండి. గట్టిగా బిగిస్తే దాని మొన గాడి పడి ఇక ఎప్పటికీ సరిగా కుదరదు. స్లో స్క్రూతో 900 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, మిక్చర్ స్క్రూని పావు పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఆర్‌పీఎం, వాక్యూమ్ రెండూ ఎక్కువ ఉన్న చోట ఆపండి. మళ్ళీ స్లో స్క్రూ తగ్గించండి, మళ్ళీ మిక్చర్. రెండు మూడు విడతలు పడుతుంది. బీఎస్-2 కంటే ముందు బండ్లకి పీయూసీలో కార్బన్ మోనాక్సైడ్ హద్దు 3 శాతం, హైడ్రోకార్బన్ 1500 పీపీఎం. ఒకటిన్నర, రెండు శాతం మధ్య వస్తే ఇంజన్‌కీ మంచిదే, సర్టిఫికెట్‌కీ ఇబ్బంది లేదు. మిక్చర్ స్క్రూ ఎటు తిప్పినా ఇంజన్‌కి తేడా తెలియకపోతే, పలక ఎక్కువ తెరిచి స్లో స్పీడ్ నిలబెడుతున్నారన్నమాట. స్లో జెట్ ఇంకా మూసుకునే ఉంది.

ఈ20 సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మామూలు పెట్రోల్‌కి ఒక కేజీకి 14.7 కేజీల గాలి కావాలి, ఈ20కి దాదాపు 13.5. కార్బ్యురేటర్‌కి ఈ విషయం తెలియదు, ఇంజెక్షన్ బండిలా సెన్సార్ లేదు. పాత జెట్‌తో నడిస్తే మిక్చర్ ఎనిమిది శాతం పలచబడుతుంది. మూడు ప్లగ్గులూ ఒకేలా తెల్లబడటం, అరవై దగ్గర నిలకడగా పోతుంటే బండి ముందుకీ వెనక్కీ ఊగినట్టు ఉండటం, దీని గుర్తులు. మందు: మెయిన్ జెట్ వ్యాసం నాలుగు శాతం పెద్దది. 100 ఉంటే 104, దొరక్కపోతే 105. రెండో గొంతు జెట్ సంగతి, మొదటిదాని ఫలితం చూశాకే. డ్రిల్ బిట్‌తో సాగదీయకండి. పెట్రోల్ పైపులు కూడా ఆర్9 రకానివి వేయండి, పాత నల్ల పైపుల లోపలి పొర ఎథనాల్‌కి పొరలుపొరలుగా ఊడి నీడిల్ దగ్గర ఇరుక్కుంటుంది. వాన రోజుల్లో నెలల తరబడి నిలబెట్టే బండికి ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ ట్యాంకులో చేరిన తేమని ఎథనాల్ తాగేసి, అడుక్కి నీళ్ళతో సహా దిగుతుంది.

అనంతగిరి ఘాట్ ఎక్కేవాళ్ళకి ఒక ముక్క. వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత పదిశాతం దాకా తగ్గుతుంది, కార్బ్యురేటర్ మిక్చర్ దాదాపు ఐదు శాతం చిక్కనవుతుంది. ఈ20తో పలచబడిన బండి అక్కడ తమాషాగా నున్నగా నడుస్తుంది. అది చూసి మురిసిపోయి అరకులో స్క్రూ తిప్పకండి, దిగాక మళ్ళీ తిప్పాలి. మే నెలలో ఘాట్ ఎక్కి ఆపిన బండి పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాకపోతే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరిగి గొంతులోకి కారిందన్నమాట. పెడల్ పూర్తిగా అడుక్కి తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. పదే పదే తొక్కి వదిలితే పంపు ఇంకా పెట్రోల్ పోస్తుంది. ఇది తరచూ జరిగితే బేకలైట్ దిమ్మ స్థానంలో ఎవరో ఇనుప ముక్కో, ఉత్త ప్యాకింగో వేశారేమో చూడాలి. ఆ దిమ్మ ఉన్నది ఎత్తు కోసం కాదు, మానిఫోల్డ్ వేడి పైకి ఎక్కకుండా ఆపడానికి.

మూడు వందల కిలోమీటర్లయ్యాక అడుగు నట్లు చల్లటి ఇంజన్ మీద ఒకసారి చూసుకోండి, కొత్త ప్యాకింగ్ అణిగి కాస్త వదులవుతాయి. అప్పుడే ప్లగ్గులు మళ్ళీ విప్పి చూడొచ్చు. ఇంకోటి, కొత్తది కొన్నా, రీకండిషన్ తెచ్చుకున్నా, పాత ఒరిజినల్ బాడీని షాపులో వదిలేసి రాకండి. ‘స్క్రాప్ కిందకి తీసేస్తాం’ అంటారు. దాని జెట్లు, సొలినాయిడ్, లివర్లు ఇప్పుడు కొత్తవాటిలో దొరికేవాటికంటే గట్టివి. కొత్తదాని జెట్ నంబరు కలవని రోజున తీసి వేసుకోవడానికి అవే పనికొస్తాయి.